నీళ్ళ రంగు

బ్రెడ్డు ఫ్యాక్టరీలో నైటు డ్యూటీ దిగి
జుట్టులో పిండి దులుపుకోకుండానే
స్వాన్సీ దాటి ఇటు వచ్చేస్తాను.
డిక్కీలో గేలపు కర్ర, రబ్బరు బూట్లు,
నిన్నటి ఉప్పింకా వదలని స్వెట్టరు.
సందులాంటి రోడ్డు. రెండు పక్కలా ముళ్ళపొదలు.
ఎదురుగా బండొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే.
జూన్‌లో తెల్లవారుజామున నాలుగింటికి
ఎదురొచ్చేది ఒక నక్క, అదే తప్పుకుంటుంది.

గొర్రెల గేటు మూసి తొంభై మెట్లు దిగితే
ఆ చివర దగ్గితే ఈ చివర వినబడేంత
గులకరాళ్ళ బీచి.
ఐస్‌క్రీం బండి రాదు, మరుగుదొడ్డి లేదు,
అందుకే మాకు మిగిలింది.

మాకు అంటే నాకూ, ఇద్వాల్‌కీ.

ముప్పయ్యేళ్ళు సిటీ బస్సు నడిపాడు.
ఈ దేశంలో టైముకి వచ్చేది పోటు ఒక్కటేనని
నవ్వకుండా చెబుతాడు.
మూడో బండకీ నాలుగో బండకీ మధ్య పల్లం
నాకు చూపించింది అతనే.
"చేప ఉన్న చోటికి కాదు,
అది వచ్చే దారిలోకి విసురు."
ఆ ముక్క నా మోచేతికి ఎక్కడానికి
రెండేళ్ళు పట్టింది.

మా పిన్నికి ఫోన్లో చెబితే
"రాత్రంతా బాస్ కింద చాకిరీ,
తెల్లారి బాస్ కోసం వేటా!
ఏం బతుకే నీది" అంది.
ఈ బాస్ మన పండుగప్పకి చుట్టమేమో అనుకున్నా మొదట్లో.
కాదట. పోలికే తప్ప ఇంటిపేరు వేరు.

ఇప్పుడు ఇద్వాల్ మోకాళ్ళు
ఆ తొంభై మెట్లకి ఒప్పుకోవడం లేదు.
సరిగ్గా అయిదింటికి ఫోన్ చేస్తాడు.
పలకరింపు ఉండదు.
"నీళ్ళ రంగు చెప్పు."

మొదటిసారి నాకు మాట దొరకలేదు.
ఆకుపచ్చ కాదు, బూడిద కాదు,
రాత్రంతా గాలి కలియబెట్టి వదిలేసిన నీళ్ళు.
నోట్లోంచి ఊడిపడింది: కుడితి.
"అంటే?"
బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు, కూర తొక్కలు,
గేదె ముందు పెట్టే తొట్టి...
ఇంగ్లీషులో ఇంత చెప్పేసరికి
అల నా మోకాలు దాటింది.
"గేదె తాగుతుందా?"
మూతి ముంచి, కళ్ళు మూసుకుని.
"అయితే బాస్ కూడా వస్తుంది. విసురు."

అప్పట్నుంచీ మా సముద్రానికి మూడే రంగులు.
తేట అంటే ఇంటికి పొమ్మంటాడు.
కడుగు అంటే పోటు తిరిగేదాకా ఆగమంటాడు.
కుడితి అంటే ఏమీ అనడు,
నా చేతులు ఖాళీ చేయడానికి
ఫోను పెట్టేస్తాడు.

ఇవాళ కుడితే.
ఇవాళ పెట్టెయ్యలేదు.
జేబులో అతని ఊపిరి,
వెనక ఎక్కడో కెటిల్ మరుగుతున్న చప్పుడు.

ఏడో విసురుకి కర్ర వంగింది.
రీలు కూసింది.
నురగలో ఒక వెండి పక్క తిరిగి,
మళ్ళీ తిరిగి,
చివరికి గులకరాళ్ళ మీద పడి
ముళ్ళ రెక్క నిక్కబొడుచుకుని
నన్ను గుర్రుగా చూసింది.

"ఎంత?" అంది జేబు.

కర్ర పిడి మీద అతను బ్లేడుతో గీసిన గాటు ఉంది,
నలభై రెండు సెంటీమీటర్లు.
అంతకు తగ్గితే తిరిగి నీళ్ళలోకి.
చింతపండు నిన్నే నానబెట్టి వచ్చాను.
చుట్టూ ఎవరూ లేరు,
ఒక సీగల్ తప్ప, దాని నీతి నాకు తెలుసు.

"నలభై ఒకటిన్నర."
"తోక నొక్కి చూశావా?"
"చూశాను."
"అయినా?"
"అయినా."
కాసేపు కెటిల్ మాత్రమే మాట్లాడింది.
"నేనూ నొక్కేవాణ్ణి" అన్నాడు.

నడుం లోతుకి దిగి
రెండు చేతుల మధ్య దాన్ని నిలబెట్టాను.
మొప్పలు తెరిచింది, మూసింది,
ఇంకా నమ్మకం కుదరనట్టు ఒక్క క్షణం ఆగి
నా మణికట్టు మీద తోకతో ఒక్కటిచ్చి
కుడితిలో కలిసిపోయింది.

"వెళ్ళిందా?"
"వెళ్ళింది."
"సరే. వచ్చేటప్పుడు పాలు తీసుకురా,
అయిపోయాయి."